శిష్యత్వానికి తెలుగునాట పలికిన ధర

ఆదివారం ఉదయం పంజగుట్ట, అమీర్‌పేట మెట్రో స్టేషన్లలో కనిపించే జనం మిగతా రోజుల జనం కాదు. ల్యాప్‌టాప్ సంచుల స్థానంలో జిప్ కవర్లలో పెట్టుకున్న బైబిళ్లు కనిపిస్తాయి. మియాపూర్ వైపు రైలెక్కినవాళ్లలో కొందరు ఎర్రగడ్డలో దిగి సనత్‌నగర్ సెయింట్ థెరిసా చర్చి దారి పడతారు. ఇంకొందరు చివరి స్టేషన్ దాకా వెళ్లి కల్వరి టెంపుల్‌కు ఆటో మాట్లాడుకుంటారు. ఎవరూ ఎవరినీ ఆపరు, అడగరు. అదే సమయానికి పంజగుట్టలో బట్టల దుకాణాలు, నగల దుకాణాలు షట్టర్లు తీస్తుంటాయి. వారమంతటిలో బేరం ఎక్కువగా ఉండేది ఆ రోజే కాబట్టి అక్కడ కౌంటర్ దగ్గర నిలబడే క్రైస్తవ అమ్మాయికి ఆదివారం సెలవు దొరకడం కష్టం. గుడికి పోవాలంటే జీతంలో కోత పడుతుంది. అదే ఆదివారం ఆరాధన ఒకరికి పార్కింగ్ ఖర్చుతో పోతుంది, మరొకరికి ఒక రోజు కూలితో.

శిష్యత్వానికి ధర ఉంటుందన్న సంగతి సువార్తల్లోనే ఉంది. లూకా 14వ అధ్యాయంలో యేసు గోపురం కట్టబోయే మనిషి ఉపమానం చెబుతాడు. ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోకుండా పునాది వేస్తే పని మధ్యలో ఆగి ఊరు నవ్వుతుందని దాని సారాంశం. మార్కు 10వ అధ్యాయంలో ఆజ్ఞలన్నీ పాటించిన ఒక ఆస్తిపరుడు, ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి రమ్మనేసరికి మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోతాడు. ఈ భాగాల మీద గత శతాబ్దంలో అందరికన్నా గట్టిగా రాసినవాడు జర్మన్ పాస్టర్ డీట్రిచ్ బోన్‌హోఫర్. నాజీల పాలనలో 1937లో వచ్చిన ఆయన పుస్తకం, మనిషి నుంచి ఏమీ అడగకుండా చౌకగా పంచిపెట్టే కృపను ఎండగట్టింది. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ నిర్బంధ శిబిరంలో ఆయన్ను ఉరితీశారు. వేదాంత కళాశాలల్లో ఈ విషయం ఎత్తితే ముందు వినిపించేది ఆయన పేరే. నిజానికి ఆ పుస్తకానికి 70 ఏళ్ల ముందే ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెలు ఈ లెక్క చూసుకున్నాయి.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై, 1840లో నెల్లూరు చేరింది. తర్వాత పాతికేళ్లపాటు చెప్పుకోదగ్గ ఫలితం లేదు. మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1854 జనవరి 1న లైమన్ జ్యూవెట్ దంపతులు, నెల్లూరు క్రైస్తవులు కొందరు ఒంగోలు కొండ మీద కూర్చుని ఆ ఊరికి ఒక మిషనరీ కావాలని ప్రార్థించారు. అందుకే అది ప్రార్థన కొండ అయింది. ఆ మిషనరీ రావడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. సర్వేయర్ పని చేసి మిషన్‌లోకి వచ్చిన జాన్ క్లౌ 1866లో ఒంగోలులో దిగాడు.

ఆయన దగ్గరికి వచ్చిన తొలి మాదిగల్లో యెర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. అంతకుముందే యోగ మార్గంలో గురువుల్ని ఆశ్రయించిన మనిషి. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడే క్లౌకు తొలి చిక్కు వచ్చింది. మిషన్ బడికి పిల్లల్ని పంపుతున్న పెద్ద కులాలవాళ్లు, మాదిగల్ని చేర్చుకుంటే తాము రామని తేల్చి చెప్పారు. మిషన్ మాదిగల వైపే నిలబడింది, బడి ఖాళీ అయింది. ఈ ధర కట్టింది మిషన్. అసలు ధర పల్లెల్లో ఉంది.

కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు వినడానికి చిన్నవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఊరి కట్టుబాట్లలో పెట్టి చూస్తే ఒక్కొక్కటీ ఒక్కో తిరుగుబాటు. మాదిగవాడ ఊరికి వెట్టి చేయాలి, రైతుకు చెప్పులు కుట్టాలి, నీళ్లు తోడే కపిలికి తోలు పని చేయాలి, చచ్చిన గొడ్డును ఈడ్చాలి, జాతరలో డప్పు కొట్టాలి. దానికి బదులుగా కళ్లంలో కొంత ధాన్యం దక్కేది. ఆదివారం రానంటే రైతు పని ఆగింది. డప్పు కొట్టనంటే అమ్మవారికి అపచారం జరిగిందని ఊరు మండిపడింది. పెద్దలు వెంటనే వెలి వేశారు. బావి దగ్గరికి రానివ్వలేదు, కుమ్మరిని కుండలు అమ్మొద్దన్నారు, పశువుల్ని ఊరి బీళ్ల నుంచి తరిమేశారు, కోతల కాలంలో కళ్లంలోకి అడుగు పెట్టనివ్వలేదు. కళ్లం గింజలు ఆగిపోతే ఆ ఇంటికి ఆ ఏడాది తిండి లేనట్టే. హింస అనగానే కత్తులూ మంటలూ ఊహించుకునేవాళ్లకు ఇది చిన్నగా తోచవచ్చు. కానీ ఊరి పెద్దలకు కత్తి అవసరమే రాలేదు. ఈ వివరాలన్నీ క్లౌ చెప్పుకున్న జీవితకథలో, ఆయన రెండో భార్య ఎమ్మా రాషెన్‌బుష్ 1899లో మాదిగల మీద ప్రచురించిన పుస్తకంలో విస్తారంగా ఉన్నాయి.

ఇంతలో 1876లో ధాత కరువు వచ్చింది. 1878 దాకా దక్షిణ భారతాన్ని ఊడ్చేసిన ఆ కరువులో ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకం పెట్టింది. క్లౌ తన సర్వే అనుభవంతో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుగా తీసుకున్నాడు. మిషన్ బోధకులే మేస్త్రీలయ్యారు. కూలి రోజూ చేతికందేది. వచ్చినవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లే ఎక్కువ. పగలు మట్టి మోసి, విరామంలో బోధకుల మాటలు వినేవారు. బాప్తిస్మం ఇమ్మని అడగడం మొదలుపెట్టారు.

క్లౌ ఇవ్వలేదు. సుమారు 15 నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. కడుపు కోసం మతంలోకి వచ్చారన్న మాట రేపు ఎవరూ అనకూడదన్నది ఆయన పట్టుదల. తెలుగు క్రైస్తవ చరిత్రలో ఇంతకన్నా ఆసక్తికరమైన నిర్ణయం లేదనవచ్చు. సంఖ్య పెంచుకోవడం తేలికైన రోజుల్లో ఒక మిషన్ తలుపు వేసి కూర్చుంది. కరువు తగ్గుముఖం పట్టాక గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో జనాన్ని సమావేశపరిచి, ఇకమీదట పైసా సాయం అందదని ఆయన ముందే చెప్పేశాడు. అయినా జనం కదల్లేదు. 1878 జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో 3,536 మంది. ఆ రెండో రోజున ఏటిలో దిగింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ పొద్దుగూకే దాకా నీళ్లలో నిలబడ్డారు. క్లౌ ఒక్కరికీ స్వయంగా ఇవ్వలేదు.

దీన్నంతా ఆత్మల పంట అని రాసుకున్న మిషన్ నివేదికలు, కూటి కోసం కొన్న మతమని కొట్టిపారేసే విమర్శలు రెండూ ఒకే తప్పు చేస్తాయి. బాప్తిస్మం తీసుకున్న మనిషి తిరిగి వెళ్లేది అదే ఊరికి, అదే బావి దగ్గరికే కదా అన్న సంగతి రెండూ మరుస్తాయి.

కరువుకూ గుడికీ ఉన్న ముడి హైదరాబాద్ సంస్థానంలోనూ కనిపిస్తుంది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని, తిండి కల్పిస్తూ మెదక్ కెథడ్రల్ కట్టించాడు. 1914లో మొదలైన కట్టడం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. అదే మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, భర్త జార్జ్ నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి నడిపారు. దానికి లక్ష రూపాయలు ఇచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. 1915లో తలుపులు తెరిచిన ఆ ఆసుపత్రి పనిలోనే 1932లో ఇసబెల్ ప్రాణం పోయింది. స్కాట్లండ్‌లో హాయిగా ప్రాక్టీసు పెట్టుకోగలిగిన డాక్టరమ్మ ఆమె.

బీదలకు త్యాగం బోధించడమా అని వెనకాడని బిషప్ ఒకరు దోర్నకల్‌లో ఉండేవారు. తమిళనాడు నుంచి వచ్చి, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన సంఘాల్లో మాల, మాదిగ కూలీలే ఎక్కువ. అయినా విదేశీ డబ్బు మీద బతికే సంఘం సంఘం కాదన్నది ఆయన వాదన. క్రైస్తవులు ఇవ్వడం ఎలా నేర్చుకోవాలో ఒక పుస్తకమే రాశారు. పిడికెడు బియ్యం పద్ధతి అక్కడ బాగా వేళ్లూనుకుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆ బియ్యం పోగై పాస్టర్‌గారి జీతానికీ, బోధకుడి ప్రయాణానికీ పనికొస్తాయి. పూట గడవని ఇంట్లో పిడికెడు అంటే ఒక పిల్లవాడి ముద్ద. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కెథడ్రల్ వెనక అలాంటి కుండలు ఎన్నో ఉన్నాయి.

పై కులాల నుంచి, ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ధర మరో రూపంలో పడింది. తెలుగు క్రైస్తవ కీర్తనలకు ఆద్యుడైన పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణుడు. 1833లో బాప్తిస్మం పొంది కులాన్ని వదులుకున్నాడు. పంజాబీ సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన భక్తసింగ్ ఇంజినీరింగ్ చదవడానికి ఇంగ్లండ్ వెళ్లి, కెనడాలో క్రైస్తవుడై 1933లో బొంబాయిలో దిగాడు. ఇంటి పరువు కోసం ఆ సంగతి గుట్టుగా ఉంచమన్నారు తల్లిదండ్రులు. ఆయన ఒప్పుకోలేదు, వాళ్లు ఇంటికి తీసుకెళ్లలేదు. 1950 నుంచి హైదరాబాద్ గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను మందిరం ఆయన కేంద్రమైంది. జీతం తీసుకోలేదు, చందాలడగలేదు. 2000 సెప్టెంబరు 17న కన్నుమూశాక నారాయణగూడ శ్మశానంలో సమాధి చేశారు. సముద్రం దాటినవాళ్లూ ఉన్నారు. జాన్ రంగయ్య నెల్లూరు వదిలి 1903లో దక్షిణాఫ్రికా నేటాల్‌లోని గిర్మిటియా (ఒప్పంద) తెలుగు కూలీల దగ్గరికి వెళ్లి, ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్‌నీ తేయాకు తోటల్లో తెలుగు బాప్టిస్టు సంఘం స్థాపించాడు. ఆయన్ను పంపింది అమెరికన్లు కాదు, తెలుగు సంఘాలు తమ కానుకలతో నడుపుకున్న స్వదేశ మిషన్ సంఘం.

గుర్రం జాషువా కథ ఈ జాబితాలో ఇమడదు, అందుకే చెప్పుకోవాలి. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవికి రెండు వైపులా వెలే. మాదిగ తల్లి బిడ్డ అని సవర్ణులు సభల్లో అవమానించారు. పురాణాలు చదువుతున్నాడని, హిందూ కావ్య వస్తువుల మీద రాస్తున్నాడని సంఘ పెద్దలు వెలివేశారు. రెంటికీ చెడ్డ రేవడి చేయాలని చూసిన ఆ రెండు వర్గాలూ తర్వాత ఆయన్ను తమవాడని చెప్పుకున్నాయి. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది ఆయన ‘క్రీస్తు చరిత్ర’కే. శిష్యత్వపు ధర గురించి మాట్లాడేటప్పుడు సంఘమే వసూలు చేసిన ధర ఎవరూ లెక్కలో వేయరు.

ఇక నగరానికి వస్తే, సనత్‌నగర్ ఫ్యాక్టరీల ఊరుగా పెరిగింది. 1942లో మొదలైన ఆల్విన్ లాంటి కంపెనీల్లో పని కోసం జిల్లాల నుంచి వచ్చినవాళ్లతో చుట్టూ బస్తీలు, కాలనీలు వెలిశాయి. వాళ్లలో మెదక్, ఒంగోలు, గుంటూరు సంఘాల పిల్లలూ ఉన్నారు. ఊళ్లో కులం పేరుతో పిలిపించుకున్న మనిషి ఇక్కడ టోకెన్ నంబరయ్యాడు. అది కొంత విడుదలే. తర్వాతి తరం అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకుని, హైటెక్ సిటీకో అమెరికాకో పోయింది. ఫ్లాటు, కారు, ఏసీ మందిరం, యూట్యూబ్‌లో ప్రసంగాలు వచ్చాయి. లాల్ బహదూర్ స్టేడియంలో రాష్ట్ర ప్రభుత్వమే క్రిస్మస్ విందు ఇస్తుంది, ముఖ్యమంత్రి కేక్ కోస్తారు. వెల్లంపల్లి ఏట్లో దిగినవాళ్లకు ఇది ఊహకందని సౌఖ్యం.

సౌఖ్యాన్ని తప్పు పట్టాల్సిన పని లేదు. బావి నీళ్లకు నోచుకోనివాళ్ల మనవలు మినరల్ వాటర్ తాగితే బాధపడాల్సిందేముంది? ఇబ్బంది మరో చోట ఉంది. చాలా మందిరాల్లో దశమ భాగం ఇప్పుడు పెట్టుబడి భాషలోకి మారింది: ఇంత ఇస్తే వీసా వస్తుంది, ప్రమోషన్ వస్తుంది, స్థలం అమ్ముడుపోతుంది. సాక్ష్యం చెప్పడానికి మైకు పట్టుకున్నవాళ్లలో వీసా వచ్చినవాళ్లే తప్ప రానివాళ్లు కనబడరు. పిడికెడు బియ్యం ఇచ్చిన ఇల్లాలు తిరిగి ఏమీ రాదని తెలిసే ఇచ్చింది. అజరయ్య అడిగింది ఇవ్వడమే. ఇప్పటి బేరంలో ఇచ్చిపుచ్చుకోవడం ఉంది.

అంతకన్నా మొండిది కులం. రెడ్డి, కమ్మ క్యాథలిక్కులు గుంటూరు, ఫిరంగిపురం ప్రాంతాల్లో తరతరాలుగా ఉన్నారు. భూములు చేజారలేదు, పలుకుబడి తగ్గలేదు, క్యాథలిక్ సంఘంలో పెద్ద పదవులు చాలాకాలం వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. విశ్వాసుల్లో ఎక్కువమంది దళితులైనా, హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యేసరికి 2022 ఆగస్టు 27 వచ్చింది. దళితుల్లో ఆ హోదా అందుకున్న తొలి వ్యక్తి, తెలుగువారిలోనూ తొలి కార్డినల్ ఆయనే. బాప్టిస్టు, లూథరన్, ఆంగ్లికన్ సంఘాల్లో మాల–మాదిగ విభజన ఏ మిషన్ ముందు ఏ ఊరికి వెళ్లిందన్న దాన్నిబట్టి స్థిరపడిపోయింది. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె పంచుకున్న కుటుంబాలు పెళ్లి చూపుల దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతాయి. ఒంగోలులో క్లౌ బడి ఖాళీ అయినా మాదిగల వైపు నిలబడ్డ సంగతి సంఘాల వేదికల మీద తరచూ చెబుతారు. కులాంతర సంబంధం తెచ్చుకున్న కొడుకుతో తల్లిదండ్రులు నిలబడ్డ కథలు మాత్రం అంత తరచుగా వినబడవు.

ఇక కాగితం మీద పడే ధర. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు తెలుగు రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల్లోని బీసీ–సీ, రిజర్వేషన్లలో వాళ్ల వాటా ఒక్క శాతం. ఒక్క ఉత్తర్వుతో కాలేజీ సీటు, ఉద్యోగం, రిజర్వుడు నియోజకవర్గంలో పోటీ అన్నీ పోతాయి. సనత్‌నగర్ జనరల్ నియోజకవర్గం. దాన్ని ఆనుకుని ఉన్న సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎస్సీలకు రిజర్వు. హద్దు దాటిన దళిత క్రైస్తవుడు ఆ మతం బాహాటంగా చెప్పుకుంటే అక్కడ నామినేషన్ వేయలేడు. రెడ్డి క్యాథలిక్కు ఈ ఉత్తర్వుతో పోగొట్టుకునేది ఏమీ లేదు.

ఈ ఒత్తిడి జనాభా లెక్కల్లో తేటగా కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో క్రైస్తవులు 4.19 శాతం. 1981లో 2.68, 1991లో 1.83, 2001లో 1.55, 2011లో 1.34 శాతం. ఆ నలభై ఏళ్లలో రాష్ట్ర జనాభా దాదాపు రెట్టింపైంది, క్రైస్తవుల సంఖ్య మాత్రం 18 లక్షల పైనుంచి 11 లక్షల చిల్లరకు పడిపోయింది. ఆ కాలంలో మందిరాలు తగ్గలేదు, పెరిగాయి. ఆదివారం ఒక పేరు, ధ్రువపత్రంలో మరో పేరు పెట్టుకుని బతికేవాళ్లను వంచకులనడం సులువు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. పిల్లవాడి ఇంజినీరింగ్ సీటు ఒక వైపు, విశ్వాసం ఒప్పుకోవడం ఇంకో వైపు పెట్టి ఎంచుకోమని తండ్రిని అడిగితే, భక్తసింగ్‌లా ఎంచుకోగలిగేవాళ్లు ఏ కాలంలోనూ కొద్దిమందే.

కోర్టుల దగ్గర ఈ గొడవ పాతదే. గుంటూరు మెడికల్ కాలేజీలో క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టిన ఒక మాదిగ విద్యార్థి హిందూ మతంలోకి మారి ఎస్సీ సీటు అడిగాడు. కులస్తులు తిరిగి చేర్చుకుంటే హోదా వస్తుందని 1976లో సుప్రీంకోర్టు చెప్పింది. మతం వదిలితే కులం తిరిగి దొరుకుతుందన్నమాట. కులం పేరుతో కొట్టేవాళ్లకు ఇంత శాస్త్రం అక్కర్లేదు. 1985 జులై 17న కారంచేడులో మాదిగల మీద దాడి జరిగినప్పుడు బతికినవాళ్లు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. వాళ్ల మతమేదని దాడి చేసినవాళ్లు అడగలేదు. చట్టం అడుగుతుంది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, బాపట్ల జిల్లాలో పాస్టర్‌గా పనిచేస్తున్న ఒక వ్యక్తి పెట్టిన కేసులో, క్రైస్తవుడైనవాడికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పిచ్చింది.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ 2009లో ఒకసారి, 2023 మార్చిలో మరోసారి తీర్మానం చేసింది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మతం షరతు ఎత్తేయమంది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో ఇంకో కమిషన్ వేసి, గడువు పొడిగిస్తూ వచ్చింది. ఈలోగా తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా వర్గీకరించి 15 శాతాన్ని 1, 9, 5గా పంచింది. మాదిగలు ఏ గ్రూపు, మాలలు ఏ గ్రూపు అన్న దాని మీద ఏళ్ల తరబడి సాగిన వాదన అక్కడ ఒక కొలిక్కి వచ్చింది. బాప్తిస్మం తీసుకున్నామని దరఖాస్తులో రాసే మాదిగలు, మాలలు ఆ మూడింటిలో దేనిలోనూ లేరు. వాళ్లు బీసీ–సీలోని ఒక్క శాతంలోనే ఉన్నారు.